బెంగకు పన్ను పీకుతారా?

కుక్కల పళ్ళు తోమమని చెప్పేవాళ్ళను ఇంట్లోకి రానివ్వకండి. వాళ్ళు గార తీయడానికి రారు, మీ ఇంట్లో ప్రేమను వేళ్ళతో సహా పెకలించడానికి వస్తారు!

అవునండీ, బాగా ఆలోచించే ఈ మాట అంటున్నాను. ఈమధ్య ఎక్కడ చూసినా ఇదే గొడవ. కుక్కకు బ్రష్షట. పిల్లికి పేస్టట. అదీ మనం వాడే పేస్టు పనికిరాదట, అది వాటికి విషమట, వాటి పేస్టు వేరే ఉందట. ఏడాదికోసారి నోరు తెరిపించి డాక్టరుకు చూపించాలట. పన్ను పాడైతే పీకించాలట! మనుషులే పొద్దున్నే బ్రష్షు నోట్లో పెట్టుకుని ఫోన్ చూస్తూ తోమడం మర్చిపోయే రోజుల్లో, గిన్నె నాకి బతికే జీవులకు ఇంత వైభోగమా?

అసలు కంపు కొట్టే కుక్క నోటి వల్ల ఎన్ని లాభాలున్నాయో మీరెప్పుడైనా ఆలోచించారా?

మా వీధిలో ఒక రిటైర్డ్ హెడ్మాస్టారున్నారు. వారి కుక్క ఆవలిస్తే ఎదురింటి కిటికీలు మూసుకుంటాయి. ఆ ఇంటికి ఇన్సూరెన్స్ ఏజెంటు రాడు. చందాల వాళ్ళు గేటు దగ్గరే ముక్కు మూసుకుని, ఏ కార్యక్రమానికి వచ్చారో అది మర్చిపోయి వెళ్ళిపోతారు. చుట్టాలొచ్చినా కాఫీ చల్లారకముందే లేస్తారు. ఇంత చక్కటి సదుపాయాన్ని ఒక బ్రష్షుతో పోగొట్టుకోమంటారా!

మా పై వాటాలో ఉండే టైలరమ్మ గారి పిల్లి పేరు మహారాణి. అది ఆవిడ ఒళ్ళో కూర్చుని చొంగ కారుస్తుంది. ఏదో ఓ బొట్టు కాదు, కుడుతున్న గౌను అంచు తడిసి ముద్దయ్యేంత. "చూశారా, నా ఒళ్ళోకొస్తే ఎంత మైమరచిపోతుందో!" అంటుందావిడ. చిగుళ్ళు వాచిన పిల్లి కూడా అలాగే కారుస్తుందని ఎవరో అన్నారు. ఆవిడ వాళ్ళతో మాట్లాడటం మానేసింది. మానేయదూ మరి? ఒక పక్క ప్రేమ, ఇంకో పక్క చిగుళ్ళ వాపు. మీరైతే దేన్ని నమ్ముతారు?

పక్క సందులో జిమ్ ట్రైనర్ ఉన్నాడు. అతనికి రెండు కుక్కలు, ఒకటి ముసలిది, ఒకటి కుర్రది. ముసలిది బిస్కెట్ నోట్లో పెట్టుకుంటుంది, తల ఓ పక్కకు వాల్చి కాసేపు అటూ ఇటూ దొర్లిస్తుంది, చివరికి కుర్రదాని ముందు జారవిడుస్తుంది. అతను దాని ఫొటో తీసి కింద 'త్యాగం' అని రాసి లోకమంతా పంచాడు. చూసినవాళ్ళందరూ కన్నీళ్ళ బొమ్మలు పెట్టారు. పాపం కొరకలేక వదిలేసిందేమోనని ఒక్కడికీ తోచలేదు. అలా తోచకపోవడాన్నే సంస్కారం అంటారు!

సరే, ఇవి చిల్లర ఉదాహరణలు. పళ్ళ వైద్యం ఒక పచ్చటి ప్రేమను ఎలా కాల్చేసిందో తెలియాలంటే మీరు మా బావగారి సంగతి వినాలి.

బావగారంటే మా అక్క భర్త. లిఫ్టుల ఇన్‌స్పెక్టరు. నెలలో సగం రోజులు వేరే ఊళ్ళలోనే ఉంటారు. ఆ పనిలో ఆయనకు ఆయనే సాటి. లిఫ్టులో నిలబడి కళ్ళు మూసుకుంటే చాలు, పైన ఏ కప్పీ అరిగిందో, ఏ బేరింగు ఎండిపోయిందో చెవితోనే చెప్పేస్తారు. ఎక్కడైనా ఇనుము కీచుమంటే ఆయన ప్రాణం విలవిల్లాడుతుంది. అంత సున్నితమైన మనసు!

ఆయనకో కుక్క ఉంది. పేరు సింహం. ఎత్తు మోకాలిదాకా కూడా రాదు గానీ, పేరు పెట్టింది బావగారు కాబట్టి తన హోదాకు తగ్గట్టు పెట్టుకున్నారు. దానికి లేని భోగం లేదు. చలికి ఒక కోటు, వానకి ఒక కోటు, ఎండకి నల్ల కళ్ళజోడు. గోళ్ళు తీయడానికి మనిషి ఇంటికే వస్తాడు. నోరు మాత్రం ఏనాడూ ఎవరూ తెరిచి చూడలేదు. ఒకరి నోట్లోకి తొంగిచూడటం మర్యాద కాదు కదా!

బావగారు టూరుకు బయల్దేరే ప్రతిసారీ దానికో వీడ్కోలు బహుమతి ఇచ్చేవారు. పెద్ద ఎండు ఎముక. గోడకు మేకు కొట్టడానికి పనికొచ్చేంత గట్టిది. "నేనొచ్చేదాకా ఇది కొరుకుతూ నన్ను తలుచుకోరా" అని తల నిమిరి వెళ్ళేవారు. సింహం కరకరలాడిస్తూ తలుచుకునేది.

అలా ఉండగా ఒకసారి బావగారు టూరులో ఉన్నప్పుడు మా మేనకోడలు ఆయనకు ఫోన్ చేసింది. కాలేజీ పిల్ల. తండ్రి ఊళ్ళో లేనప్పుడు కుక్క తిండి సంగతి తనదే.

"నాన్నా, సింహం తినట్లేదు."

"ఎందుకే?"

"ఏమో. బిస్కెట్లు పోస్తే గిన్నె దగ్గరికెళ్ళి వాసన చూస్తోంది. తర్వాత వెనక్కొచ్చి నీ చెప్పుల మీద తల పెట్టుకుని పడుకుంటోంది."

అవతల బావగారు ముక్కు చీదారు.

"బెంగే తల్లీ, బెంగ! నా మీద బెంగ పెట్టుకుంది పిచ్చి వెధవ!"

బెంగ! ఎంత గొప్ప మాటండీ అది! జ్వరమంటే థర్మామీటరు కావాలి. అజీర్తి అంటే మాత్ర కావాలి. బెంగకు అవేమీ అక్కర్లేదు. ఎవరి మీద బెంగ పెట్టుకుందో ఆ మనిషి తిరిగి రావడమే దానికి మందు. అంటే మందు సాక్షాత్తూ మనమే! మనిషికి ఇంత గౌరవమిచ్చే జబ్బు లోకంలో ఇంకోటుందా?

బావగారు తిరిగొచ్చారు. బూట్లు కూడా విప్పకుండా నేల మీద కూర్చుని, రొట్టె పాలల్లో నానబెట్టి ముద్దలు చేసి నోటికందించారు. సింహం ఆవురావురుమంటూ మింగింది.

"చూశావా బావమరిదీ! నా చేత్తో పెడితే ఎలా తింటోందో!"

పాలల్లో నానిన రొట్టెకు పళ్ళతో పనేముంది అని మీరు అడగొచ్చు. అడుగుతారు! ప్రేమ తెలియని మనుషులు అలాంటివే అడుగుతారు.

ఆ తర్వాత ప్రతి టూరుకూ ఇదే వరస. ఆయన వెళ్తే గట్టి బిస్కెట్లు, సింహం ఉపవాసం. ఆయన వస్తే మెత్తటి రొట్టె, సింహం విందు. ఎన్నిసార్లు చేసినా ఒకటే ఫలితం. సైన్సు అంటే ఇదే కదండీ!

బావగారి కీర్తి ఊరూరా పాకింది. ఏ ఊళ్ళో లిఫ్టు తనిఖీకి వెళ్ళినా ముందు సింహం బెంగ సంగతి చెప్పాకే మోటారు గది తలుపు తీయించేవారు. సాయంత్రం వీడియో కాల్ చేసేవారు. మా మేనకోడలు సింహం దవడ పట్టుకుని ముఖాన్ని ఫోన్ వైపు తిప్పేది. అది కుయ్యోమని మూలిగేది.

"వింటున్నారా? నా గొంతు వినగానే ఏడుస్తోంది!" అని పక్కనున్న వాళ్ళకు ఫోన్ చూపించేవారు బావగారు. దవడ వదలగానే మూలుగు ఆగిపోయేది. కాల్ అయిపోయింది కాబట్టి నిరాశతో మౌనం వహించిందని అందరూ అర్థం చేసుకున్నారు.

కొన్నాళ్ళకు దానికి కన్నీళ్ళు కూడా మొదలయ్యాయి. ఎడమ కంటి కింద నుంచి ధారగా కారేవి. కుడి కన్ను పొడిగా ఉండేది. ఒక కన్ను ఏడుస్తుంటే రెండోది ఇల్లు కాపలా కాస్తోందని బావగారు వివరించారు. విశ్వాసమంటే అదీ!

మా అక్క ఒక్కతే ఈ మహాకావ్యానికి అడ్డం పడింది.

"ఏమండీ, అది డొక్కలెండిపోయింది. ఓసారి డాక్టరుకి చూపిద్దాం."

"బెంగకు డాక్టరేం చేస్తాడే? ఆ మూగజీవికున్న ప్రేమ నీకుందా? నేనెళ్ళినప్పుడు నువ్వెప్పుడైనా తిండి మానేశావా?"

"మీరెళ్తే సగం చాకిరీ తగ్గి, నేను వేళకి తింటానండీ."

చూశారా! కుక్క పాటి చేయలేదు మా అక్క.

ఆ రోజుల్లోనే బావగారికి కూడా పన్ను నొప్పి వచ్చింది. ఆయన నొప్పి వేరు సుమండీ! ఇంట్లో టీవీ కట్టేశారు. మిక్సీ నోరు మూయించారు. పిల్ల మునివేళ్ళ మీద నడిచింది. ఆఫీసుకు సెలవు పెట్టి, ఆ పూటే డెంటిస్టు కుర్చీలో పడుకుని, ఎక్స్‌రే తీయించుకుని, చెంపకు ఐసు పెట్టుకుని ఇంటికొచ్చారు. ఆయన సూప్ తప్ప ఏమీ ముట్టకపోతే, అది ఎవరి మీద బెంగో ఎవరూ ఆరా తీయలేదు. మనిషికి పన్ను నొప్పి వస్తే పన్ను నొప్పి. కుక్కకు వస్తే ప్రేమ. ఈ తేడా తెలియకనే కొందరు బ్రష్షులు అమ్ముకుంటున్నారు!

ఇంతవరకూ ముచ్చటగా సాగిన కథ ఒక ఆదివారం అడ్డం తిరిగింది.

బావగారు టూరు నుంచి వచ్చారు. తలుపు తీయగానే సింహాన్ని రెండు చేతులా ఎత్తుకుని, దాని ఎడమ చెంపకు తన చెంప ఆనించి గట్టిగా హత్తుకున్నారు.

అది కెవ్వుమంది. మరుక్షణం బావగారి గడ్డం మీద రక్తం చుక్క తేలింది.

సింహం సోఫా కిందికి దూరింది. బావగారు వేలితో రక్తం తుడుచుకుని ఆ వేలి వంకే చూస్తూ ఉండిపోయారు.

"నన్నా? నన్ను కరిచిందా?"

"కరవలేదు నాన్నా, పన్ను గీసుకుందంతే. నువ్వు గట్టిగా నొక్కేశావు" అంది మేనకోడలు.

"నువ్వు నోర్ముయ్! దానికోసం ఊళ్ళో ఎన్ని ఏడుపులు ఏడ్చాను! తిన్నింటి వాసాలు లెక్కపెట్టింది. ఇవాళ నన్ను కరిచిన కుక్క రేపు నిన్ను కరుస్తుంది. ఇంక దీన్ని ఉంచడానికి వీల్లేదు. రేపే తీసుకెళ్ళి నిద్రపుచ్చేద్దాం."

"నిద్రపుచ్చడమంటే? చంపించేస్తావా?"

"చంపడమేంటే మోటుగా? ఓ ఇంజెక్షన్ ఇస్తారు. హాయిగా పోతుంది."

చూడండి మరి ఎంత సంస్కారమో! నొప్పికి బెంగ అని పేరు పెట్టిన నోరే చావుకు నిద్ర అని పేరు పెట్టింది. పేరు పెట్టడంలో బావగారి చెయ్యి ఎప్పుడూ గొప్పదే. మేనకోడలు ఆ రాత్రి అన్నం తినలేదు.

మర్నాడు కారు నేనే నడిపాను. బావగారు గడ్డానికి ప్లాస్టరు వేసుకుని ముందు సీట్లో కూర్చున్నారు. వెనక అక్క, పిల్ల, పిల్ల ఒళ్ళో చలికోటులో చుట్టిన సింహం. అది మెల్లగా తల చాచి, ఎడమ చెంపను చల్లటి కిటికీ అద్దానికి ఆనించి కళ్ళు మూసుకుంది.

బావగారు ముందున్న చిన్న అద్దంలోంచి దాన్ని చూశారు. "పశ్చాత్తాపం" అన్నారు. "ఇప్పుడేం లాభం?"

పశువుల డాక్టరమ్మకు మాటలు తక్కువ. సింహాన్ని బల్ల మీదికి ఎక్కించి, "ఏమిటి సమస్య?" అని అడిగింది.

"నమ్మకద్రోహం" అన్నారు బావగారు.

ఆవిడ ఆయన గడ్డం వంక చూసింది. కుక్క కంటి కింద తడి చూసింది. బొటనవేలితో దాని పై పెదవి ఎత్తింది. గదిలో వాసన గుప్పుమంది. అక్క కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఎప్పట్నుంచి సరిగ్గా తినట్లేదు?"

"నేను ఊరెళ్ళినప్పుడల్లా తినదు డాక్టరుగారూ. బెంగ."

"ఏ వైపు?"

"ఏ వైపేంటండీ?"

"బెంగ ఏ వైపు అని అడుగుతున్నాను. కుడి పక్క బాగానే ఉంది. ఎడమ పక్క పై పన్ను నిలువునా చీలింది. వేరు దగ్గర చీము పట్టింది. అదే దారి చేసుకుని కంటి కింద నుంచి బయటికొస్తోంది."

"అవి కన్నీళ్ళండీ!"

డాక్టరమ్మ దూదితో ఆ తడిని ఒత్తి ఆయన ముందు పెట్టింది. పసుప్పచ్చగా, చిక్కగా ఉంది. బావగారు దూది వంక చూసి, గోడ మీది క్యాలెండరు వంక చూసి, ఇంకెక్కడా చూడ్డానికి ఏమీ లేక మళ్ళీ దూది వంకే చూశారు.

"ఇంత పెద్ద పన్ను చీలిందంటే చాలా గట్టిది కొరికి ఉంటుంది. ఏం పెడుతున్నారు?"

"ఎముకలు" అంది మేనకోడలు. "టూరుకెళ్ళేటప్పుడల్లా నాన్న ఇచ్చేవాడు. తనని గుర్తుపెట్టుకోవాలని."

"బాగానే గుర్తుపెట్టుకుంది" అంది డాక్టరమ్మ.

బావగారు నీళ్ళు నమిలారు. "అయితే... ఆ ఇంజెక్షన్..."

"ఇస్తాను. మత్తుకి. కానీ బాగా నీరసించిపోయింది, ఇన్నాళ్ళు ఆగాల్సింది కాదు. రక్తపరీక్ష చూశాక పన్ను తీస్తాను. తట్టుకుని లేస్తుందనే అనుకుంటున్నా. బయట కూర్చోండి."

బయట బెంచీ మీద కూర్చున్నాం. మేనకోడలు ఖాళీ చలికోటును ఒళ్ళో పెట్టుకుని దాని గుండీలు పెడుతూ తీస్తూ ఉంది. తలుపు అవతల ఏదో ట్రాలీ వెళ్ళింది. దాని చక్రం కీచుమంది.

"దానికి నూనె వెయ్యాలి" అన్నారు బావగారు అలవాటు కొద్దీ.

అక్క ఆయన వైపు తిరిగింది. "చక్రం మూలిగితే మాత్రం మీకు వినబడుతుంది" అంది.

ఆ తర్వాత తలుపు తెరుచుకునేదాకా బావగారు తలెత్తలేదు.

సింహం లేచింది. తూలుతూ, నాలుక ఓ పక్కకు వేలాడేసుకుని లేచింది. మా మేనకోడలు ఏడుస్తూ నవ్వింది. ఇంజెక్షన్‌కని వెళ్ళిన కుక్క ఇంటికి తిరిగొచ్చింది కాబట్టి కథ సుఖాంతమే అని మీరు సంబరపడుతున్నారేమో!

తొందరపడకండి. ఘోరమంతా ఇప్పుడే మొదలైంది.

పుండు మానింది. సింహం తినడం మొదలుపెట్టింది. రొట్టె తింది, మాంసం తింది, నానబెట్టిన బిస్కెట్లు తింది, చివరికి నానబెట్టనివి కూడా తింది. ఒళ్ళు చేసింది. కన్నీళ్ళు ఆగిపోయాయి. మేనకోడలు పొద్దున్నే దాన్ని రెండు మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, కోడిమాంసం రుచిగల పేస్టుతో పళ్ళు తోముతోంది. మొదట్లో పెనుగులాడిన ఆ జంతువు ఇప్పుడు బ్రష్షు కనబడగానే తనే వచ్చి పళ్ళికిలించి నిలబడుతోంది. సిగ్గు లేకపోతే సరి!

బావగారు మళ్ళీ టూరుకు వెళ్ళారు. సాయంత్రం వీడియో కాల్ చేశారు.

"ఏం చేస్తోందమ్మా?"

"తింటోంది నాన్నా."

"నేను లేననే సంగతి తెలుసా దానికి?"

"తెలుసులే. పొద్దున తలుపు దగ్గర కాసేపు కూర్చుంది. తర్వాత వచ్చి తింది."

"ఓసారి నన్ను చూపించు... చూసిందా?"

"చూసింది."

"ఏమంది?"

"తోక ఊపింది. మళ్ళీ తింటోంది."

ఫోన్ పెట్టేశారు. ఆ ఊరి లిఫ్టు ఆపరేటర్లు, "సార్, మీ సింహం బెంగ ఎలా ఉంది?" అని అడిగితే, లిఫ్టు తలుపుల గురించి మాట్లాడారట. ఇంటికొచ్చాక నన్ను పక్కకు పిలిచి మెల్లగా అడిగారు. "బావమరిదీ, ఆ డాక్టరు పన్నుతో పాటు ఇంకేమైనా తీసేసిందంటావా?"

నేనేం చెప్పను? అంతకు ముందురోజే ఆయన కుక్కలమ్మే వాడి దగ్గరికెళ్ళి, బెంగ బాగా పెట్టుకునే జాతి ఏదైనా ఉందా అని విచారించి వచ్చారని నాకు తెలుసు. "ఉంది సార్, మీరు గడప దాటితే పచ్చి మంచినీళ్ళు ముట్టదు" అన్నాడట వాడు. వ్యాపారం తెలిసినవాడు!

అందుకే మిమ్మల్ని చేతులు జోడించి వేడుకుంటున్నాను. మీ కుక్కకు కోటు కొనండి, కళ్ళజోడు కొనండి, పుట్టినరోజుకు కేకు కోయండి. పై పెదవి మాత్రం ఎత్తి చూడకండి. చూస్తే రెండు ప్రమాదాలున్నాయి. అక్కడ చీము కనబడొచ్చు. దానికి మందుంది, తగ్గిపోతుంది. రెండోదానికే మందు లేదు. ఇన్నాళ్ళూ అది పడ్డ బాధకూ, మీ మీది ప్రేమకూ ఏ సంబంధమూ లేదని తెలిసిపోవచ్చు! నోరులేని జీవి నొప్పిని మన గొప్పగా చెప్పుకుని బతికేవాళ్ళం, ఆ నొప్పి కూడా పోతే ఇంక మనకేం మిగులుతుందండీ?

నిన్న బావగారు మళ్ళీ బయల్దేరారు. నేను స్టేషన్‌లో దించాలి. బ్యాగు భుజాన వేసుకుని, గుమ్మంలో నిలబడి, గొంతు సవరించుకున్నారు.

"సింహం! వెళ్తున్నానురా!"

వంటగదిలోంచి కరకర చప్పుడు వినబడుతోంది. ఆగలేదు.

"ఒరేయ్, నిజంగానే వెళ్తున్నాను!"

చప్పుడు ఒక్క క్షణం ఆగింది. బావగారి ముఖం వెలిగింది. గిన్నె కాస్త జరిగిన చప్పుడు, మళ్ళీ కరకర.

అక్క వచ్చి ఆయన బ్యాగు పట్టీ సరిచేసి, వీపు మీద చెయ్యి వేసి మెల్లగా బయటికి నెట్టింది.

"దాన్ని తిననివ్వండి. మీ రైలు మాత్రం మీకోసం బెంగ పెట్టుకుని ఆగదు."